గీత పడని ముక్కలు

నా పాత టూరింగ్ బైకు వెనక చక్రం హబ్బులో ఐదు రబ్బరు ముక్కలుండేవి. యాక్సిలేటర్ తిప్పినప్పుడల్లా వచ్చే కుదుపును అవే మింగేవి. ఇరవై ఏళ్ళకి అవి పిండైపోయాయి. కంపెనీ ఆ మోడల్‌ని ఎప్పుడో ఆపేసింది. ఆదివారాలు మా ఊరి కద్మా పేటలో కలిసే మా పాతబళ్ళ జట్టులో ఎవరి దగ్గరా ఆ ముక్కలు లేవు.

జట్టుకి పెద్ద, టెల్కో కాలనీలో ఉండే బాబాయ్. లేతు మీద పనిచేసి రిటైరైన టర్నరు. "ఏట్రా, రబ్బరు కోసం ఏడుత్తన్నావు? మనది ఉక్కు ఊరు. లోహే కా బనా దేంగే, ఇనుంతోనే సేసేద్దుం," అన్నాడు. నాకూ గర్వం పొంగింది. ఇక్కడ పుట్టినవాడికి దేన్నైనా గట్టిచేయడమే బాగుచేయడం. మెత్తగా ఉండడం కూడా ఒక పనేనని మాకెవడూ నేర్పలేదు.

ఐదు ఉక్కు ముక్కలూ లేతు మీంచి తళతళలాడుతూ దిగాయి. బండి మూడు వారాలు నడిచింది. నాలుగో ఆదివారం బిర్సానగర్‌లో స్పీడ్ బ్రేకర్ దాటి యాక్సిలేటర్ తిప్పగానే కుదుపంతా నేరుగా తగిలి గేర్‌బాక్స్‌లో పళ్ళు విరిగి, ఇంజను కేసు పగిలింది. బండిని బాబాయ్ షెడ్డుకి తోసుకెళ్ళాం.

నెలరోజులు దేశమంతా ఫోన్లు చేశాను. ఆ గేర్లు ఎక్కడా లేవు. దాని మీద మళ్ళీ పూరీ దాకా పోదామనుకున్నవాణ్ణి, ఇక అది లేవదని చెప్పడానికి షెడ్డుకి వెళ్ళాను.

బాబాయ్ అప్పటికే హబ్బు విప్పి ఉన్నాడు. ఒక ముక్కని గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టాడు.

"సూడు, నా పనికి గీత కూడా పడనేదు."

తిట్టడానికి నోరు తెరిచాను. నిజంగానే ఒక్క గీత కూడా లేదు.