రెండు వందల నలభై గంటలు సున్నా అయిన వైనం

పోయినవాటిని ముందు వరసగా రాస్తాను. పంతొమ్మిది మంది విద్యార్థులకు తలా రెండు వందల నలభై ప్రాక్టికల్ గంటలు, మొత్తం నాలుగు వేల అయిదు వందల అరవై. ముప్పై గంటలకు ఒక క్రెడిట్ చొప్పున తలా ఎనిమిది, మొత్తం నూట యాభై రెండు. వాటితోపాటు డిగ్రీ రెండో ఏడాదిలో నేరుగా చేరే అవకాశం. ఇవన్నీ ఒక్క సున్నాలో పోయాయి.

2024లో బోగోలు దగ్గర మా కమ్యూనిటీ కాలేజీలో ఏఐ సర్టిఫికెట్ కోర్సు మొదలైంది. చదువు మధ్యలో ఆపి పనుల్లో పడినవాళ్లు మళ్లీ చదువుకునే చోటు మాది. ఏడాది కోర్సుకు పదహారు క్రెడిట్లు, సగం థియరీ, సగం ప్రాక్టికల్. పదహారూ ఉంటే మూడేళ్ల డిగ్రీలో నేరుగా రెండో ఏడాదిలో చేర్చుకుంటామని యూనివర్సిటీ ఒప్పుకుంది. రిజిస్టర్లు రాయడం నా పని. ఇంటర్ తప్పినవాణ్ణి. అంతకుముందు పదకొండేళ్లు రొయ్యల డిపోలో కౌంట్ చూశాను. కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. ధర దాన్నిబట్టే ఉంటుంది. నాకు వచ్చిన లెక్కలన్నీ అక్కడ నేర్చుకున్నవే.

సువార్తమ్మ రొయ్యలు వలిచే షెడ్డులో పనిచేస్తుంది. ముప్పై ఆరేళ్లు. కోర్సు అయ్యాక రెండేళ్లలో డిగ్రీ తెస్తే షెడ్డు ల్యాబులో ఉద్యోగం ఇస్తామని మేనేజరు చెప్పాడు. ఆ మాట మీదే కోర్సులో చేరింది.

పంతొమ్మిది మందికి మా దగ్గర కంప్యూటర్లు నాలుగు. అందుకని ప్రాక్టికల్స్ షెడ్డులోనే పెట్టారు. రొయ్యల ట్రేలకు ఫోనులో ఫొటోలు తీసి, వాటిని చూసి రొయ్యలను లెక్కపెట్టే ప్రోగ్రామును విద్యార్థులే తయారుచేశారు. దాన్నే మోడల్ అంటారు. ఒకరోజు కిలో రొయ్యలున్న ట్రేలో ముప్పై ఒకటి ఉన్నాయంది మోడల్. సువార్తమ్మ చేత్తో ఎంచితే ముప్పై ఎనిమిది.

"దీనికి పైనుండేవే కనపడతా ఉండాయన్నా. డిపోలో నువ్వు ఇట్టనే ఎంచుంటే ఎన్నాళ్లు ఉంచుకునుంటారు?" అంది.

"పూట కూడా ఉంచుకోరు," అన్నాను.

అప్పటినుంచి మోడల్ లెక్క పక్కన చేతి లెక్క కూడా రాశారు. పూటకు మూడు గంటల చొప్పున ఎనభై పూటలు. నా తప్పు ఇక్కడే ఉంది. డిపోలో ఏ పని చేస్తే ఆ పేరే రాసేవాళ్లం. ఆ అలవాటుకొద్దీ రిజిస్టర్లో "షెడ్డు, రొయ్యల కౌంట్, 3 గం." అని రాస్తూ వచ్చాను. ఎక్కడా "ప్రాక్టికల్" అని రాయలేదు.

కోర్సు అయ్యాక యూనివర్సిటీ గంటల వివరం అడిగింది. కోఆర్డినేటర్ సారు రిజిస్టర్లను స్కాన్ చేసి, ఓ ఏఐ టూలుకిచ్చి, అది తీసిన కాగితం మీద సంతకం చేసి పంపేశాడు. రొయ్యల కౌంటును అది క్షేత్ర సందర్శన కింద, అంటే ఊరికే చూసి రావడం కింద వేసింది. ప్రాక్టికల్ గంటలు: సున్నా.

సువార్తమ్మతో పాటు నేనూ ఆయన గదికి వెళ్లాను.

"సిస్టం తీసిన రిపోర్టమ్మా. మనం దాంట్లో చెయ్యి పెట్టకూడదు."

"మిషను చెప్పిందాన్ని చేత్తో ఎంచి చూసుకోమని తొలి క్లాసులో మీరే చెప్పినారు గదా సార్."

"అది పాఠం. ఇది ఆఫీసు."

రిజిస్టరు ఆయన బల్ల మీద పెట్టాను. డిపోలో ఒక్క క్రేటు కొనాలన్నా పై నుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి తీసి మూడుసార్లు ఎంచుతారు. "మూడే పేజీలు సార్. మొదట ఒకటి, నడుమ ఒకటి, చివర ఒకటి," అన్నాను. ఆయన దాన్ని తెరవలేదు. టీ గ్లాసు పెట్టుకోవడానికి పక్కకు జరిపాడు.

నాలుగు రోజులు కూర్చుని పేజీ నంబర్లతో సహా మొత్తం గంటలు కూడి, ప్రిన్సిపాల్ గారి సంతకంతో యూనివర్సిటీకి పంపాను. ఈలోగా అడ్మిషన్ల గడువు దగ్గరపడింది. "సీటు పోగొట్టుకోవద్దు. ముందు మొదటి ఏడాదిలో చేరండి, తర్వాత సరిచేయిద్దాం," అని అందరికీ నేనే చెప్పాను. సువార్తమ్మతో కలిపి పన్నెండు మంది విన్నారు.

జవాబు వచ్చింది. గంటలు సరైనవేనట. ఇంకా ఎక్కడా చేరని ఏడుగురికి క్రెడిట్లు వేసి రెండో ఏడాదిలో చేర్చుకున్నారు. మొదటి ఏడాదిలో చేరిపోయినవాళ్లకు క్రెడిట్లు వేసి పైకి మార్చడానికి మాత్రం నిబంధన ఒప్పదట. నా మాట వినని ఏడుగురు గట్టెక్కారు. తప్పు కాగితం మీద సంతకం చేసినాయన అదే కుర్చీలో ఉన్నాడు, ఒక్క మెమో కూడా రాలేదు.

ఇప్పుడు సువార్తమ్మ పగలు రొయ్యలు వలిచి, సాయంత్రం మొదటి ఏడాది క్లాసులో కూర్చుంటోంది. అక్కడ ఏఐ అంటే ఏమిటో చెబుతున్నారు. మేనేజరు మూడో ఏడాది దాకా ఆగనన్నాడు.

"నీ మాట వినడం తప్పయిందని అననులే అన్నా," అంది మొన్న. "ఆ సున్నాను ఎవురూ ఎంచి చూడకపోయినారే, అదే మింగుడుపడడంలా."

ముప్పై ఒకటికీ ముప్పై ఎనిమిదికీ తేడా వస్తే చేత్తో ఎంచాం, సున్నా వచ్చినప్పుడు మాత్రం ఎంచమంటే వేళకు ఒప్పుకునే మనిషి దొరకలేదు. సున్నా కూడా ఒక లెక్కేనని, దాన్నే ముందు సరిచూడాలని ఈ వయసులో నేర్చుకున్నాను. ఇప్పుడు రిజిస్టర్లో పని పేరు పక్కన "ప్రాక్టికల్" అనీ రాస్తున్నాను.

పన్నెండు మందికి తలా ఎనిమిది క్రెడిట్లు. ఈ రోజుకీ రావాల్సినవి తొంభై ఆరు.