పింగాణి దొరసాని చెయ్యి

దయ్యాలంటె నాకు నవ్వొస్తది. మా గౌలిపుర వాడల వినాయక బొమ్మల నడుమ పండుకుని పెరిగినదాన్ని నేను. తలకాయ లేనియి, చేతులు లేనియి, గోడపొంటి నిలబడి ఉంటుండె. ఎన్నడు భయపడలే. అందుకే ఈ ముచ్చట చెప్తుంటె మా ఇంటోళ్లె నన్ను వింతగ చూస్తరు.

మా బాపు బొమ్మలు చేసెటోడు. షుగరొచ్చి కండ్లు పోయినయి. నాకు పనంత వచ్చు, కని బాపుకు నమ్మకం లేదు. ఆడపిల్లతోని ఏమైతది అని ఒకటే లొల్లి. దుకాణం మూసేద్దామని రోజు అనెటోడు. నాకు కడుపు మండిపోతుండె.

గప్పుడే జహనుమ బస్తీ నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ వచ్చింది. పాత చీరల చుట్టి ఒక పింగాణి బొమ్మ తెచ్చింది. ఇంగ్లండుల చేసిందట, నాటకాల స్టేజి మీద నాట్యం చేసే దొరసాని. ఒక కాలు మునివేళ్ల మీద, గౌను గుండ్రంగ లేచి, అంచుకు బంగారు గీత. కుడి చెయ్యి మోచేతి నుంచి లేదు. ఆమె తాత ఒక నవాబు దేవిడీ బంగ్లల వడ్రంగి పని చేస్తె ఇనాముగ ఇచ్చిన్రట. చెయ్యి ఆమె చిన్నప్పుడే విరిగింది.

"తల మీదికి ఎత్తి ఉండె బిడ్డా, నాకు మంచిగ యాదికుంది" అన్నది.

బాపు విన్నడు. "ఇది చేసి చూపియ్యి. టీచరమ్మ ఒప్పుకుంటె దుకాణం నువ్వే నడుపు. లేకుంటె మూసుడే" అన్నడు.

పుట్టీ పిసికి, తీగ పెట్టి, చెయ్యి పైకెత్తి చేసిన. తెల్లారి చూస్తె ఊడిపడ్డది. మల్ల చేసిన. మల్ల ఊడింది. ఇరవై అడుగుల వినాయకునికి చెయ్యి నిలబెట్టినదాన్ని, జానెడు బొమ్మ కాడ ఓడిపోతున్న. మస్తు ఏడుపొచ్చింది.

"కండ్లకు గుడ్డ కట్టినవా?" అని బాపు అడిగిండు. మా ఇంట్ల రివాజు అది. బొమ్మ పూర్తయ్యేదాక కండ్లు కప్పి పెడ్తం, తన కొరత తను చూసుకోవద్దని.

"ఇదేమన్న దేవుడా బాపు? దొరసాని."

"దొరసానికి సిగ్గుండదా? కట్టు."

నవ్వుకుంట బొమ్మ కండ్లకు పసుపు గుడ్డపేలిక కట్టిన. మిట్ట మధ్యాహ్నం, బయట కూరగాయల బండాయన ఒర్రుతున్నడు. పని మొదలుపెట్టిన్నో లేదో, నా చెయ్యి నా మాట వినలే. పైకి లేపాలని చూస్తె కిందికే పోతది. ఆఖరికి ఆ చెయ్యి గౌను అంచు పట్టుకున్నట్టు తయారైంది. చిటికెన వేలు పక్క వేలుకు అతుక్కుపోయింది. విడదీద్దామని సూది పట్టుకున్న, మనసొప్పలే. తెల్లారి చూస్తె గట్టిగ నిలబడ్డది.

టీచరమ్మ చూసి మొఖం మాడ్చుకున్నది. "గిట్ల లేకుండె. మార్చు" అని బొమ్మను ఈడనే ఇడిసి పోయింది. "మార్చు, లేకుంటె మూసుడే" అన్నడు బాపు. నేను మాత్రం మార్చనన్న. ఎందుకన్ననో తెల్వదు, బాపు ముంగట గంత మొండిగ ఎన్నడు మాట్లాడలే.

పది దినాలకు ఆమె ఆటోల ఉరికొచ్చింది. ఇంటికి సున్నం వేయిస్తుంటె అటక మీద తాత పనిముట్ల పెట్టె దొరికిందట. దాంట్ల, దూదిల చుట్టి, ఆ విరిగిన చెయ్యి. బల్ల మీద పెట్టింది.

గౌను అంచు పట్టుకున్న చెయ్యి. చిటికెన వేలు పక్క వేలుకు అతుక్కుని ఉన్నది. ఎప్పుడో ఇంగ్లండుల చేసినోడు చేసిన తప్పు అది. నేను చేసిన చెయ్యి పక్కన పెట్టి చూసిన, రెండు ఒక్కతీరే ఉన్నయి.

టీచరమ్మ నా రెండు చేతులు పట్టుకున్నది. "తప్పు నాదే బిడ్డా" అన్నది.

బాపు మొదలు పాత చెయ్యి తడిమిండు, తరువాత నేను చేసింది. వేలు వేలు తడిమిండు. "నలభై ఏండ్లు చేసిన. ఇట్ల నాకు ఒక్కనాడు రాలే" అన్నడు. ఆ సాయంత్రమే పెయింటర్‌ను పిలిపించి బోర్డు మీద నా పేరు రాపిచ్చిండు. వాడకట్టంత వచ్చి చూసి పోయిన్రు.

దొరసానే దగ్గరుండి చేయించుకున్నదని అంటరు. ఏమో. చూడని చెయ్యి ఎట్ల చేసిన్నో నాకు ఇప్పటికి తెల్వదు. చేసింది మాత్రం నేనే.