అద్దాల్లో కనబడని నర్సవ్వ

జూబ్లీ బస్‌స్టాండులో జగిత్యాల ఎక్స్‌ప్రెస్ ఎక్కేటప్పటికి ఉదయం ఆరున్నర. కండక్టరమ్మ ఆధార్ కార్డు చూసి ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్ చేతిలో పెట్టింది. ఒళ్ళో అట్టపెట్టె, అందులో బండి నడిపేవాళ్ళ కోసం మేము తయారుచేసిన కళ్ళద్దాలు. అవి పెట్టుకుంటే ఎదుటి రోడ్డు మీద నీలి గీత పరుచుకుంటుంది. ఎటు తిరగాలో బాణం, ఇంకెంత దూరమో అంకెలు గాలిలో తేలుతూ కనబడతాయి. ఏది ఎక్కడ కనబడాలో నిర్ణయించింది నేనే. జగిత్యాల, సిరిసిల్ల వైపు సరుకులు చేరవేసేవాళ్ళకు వచ్చే నెల ఇవి పంచాలంటే, రోడ్డు మీద వాడదగినవేనని నేను సంతకం పెట్టాలి. పెడతానన్న ధీమాతోనే బయల్దేరాను.

కరీంనగర్‌లో పది నిమిషాలు ఆపితే ఇడ్లీ తిన్నాను. అక్కడ ఎక్కి నా పక్కన కూర్చున్న పెద్దావిడ కొండగట్టుకు మొక్కు తీర్చడానికి పోతోంది. అద్దాలు పెట్టుకుని చూస్తానని ముచ్చటపడితే ఇచ్చాను. "ఏంది బిడ్డా, గీ గీత బస్సు కన్న ముందల ఉరుకుతున్నది!" అని పకపకా నవ్వింది. నాకు పొగరు ఇంకొంచెం పెరిగింది.

పదకొండున్నరకు జగిత్యాల. ఆ రోజు అద్దాలు పెట్టుకుని నడిపి చూపిస్తానన్న లక్ష్మీరాజం బస్‌స్టాండు బయట బండితో సిద్ధంగా ఉన్నాడు. వాళ్ళ నాన్న తాటిచెట్లు ఎక్కి కల్లు గీసేవాడు, ఇతను కోరుట్ల చుట్టుపక్కల ఊళ్ళకు పార్సిళ్ళు వేస్తాడు. చాయ్ తాగుతూ అతనికి ఒకే ఒక్క సూచన ఇచ్చాను: "గీతను మాత్రం వదలకండి." "మీరు చెప్తె వదుల్తనా మేడం?" అంటూ అద్దాల మీద హెల్మెట్ తగిలించాడు. నేను వెనక కూర్చున్నాను. అతని కళ్ళకు కనబడేదంతా నా ఫోనులో కూడా కనబడుతుంది.

వరి కోతల రోజులు. కోరుట్ల దారిలో రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి. బండ్లు తొక్కకుండా వాటి అంచున రాళ్ళు వరుసగా పేర్చారు. ఇక్కడివాళ్ళు దూరం నుంచే ఆ రాళ్ళు చూసి పక్కకు జరిగిపోతారు. ఇదంతా నాకు తర్వాత తెలిసిన సంగతి. అప్పుడు నేను ఫోనులో నీలి గీతే చూస్తున్నాను. వడ్ల మీదుగా, రాళ్ళ మీదుగా గీత నున్నగా పోతోంది. దాని పైన "400 మీటర్లు" అని అంకెలు.

ఎండకు ఫోను సరిగ్గా కనబడక తల ఎత్తాను. ఎదురుగా మనిషి! అరిచాను. లక్ష్మీరాజం బ్రేకు తొక్కాడు, ముందు చక్రం రాయికి తగిలింది, ఇద్దరం వడ్లలో పడ్డాం. బండి జారుకుంటూ పోయి ఒక ముసలమ్మ కాళ్ళకు జానెడు దూరంలో ఆగింది. పాదాలతో వడ్లు కలియదిప్పుతున్న ఆ ముసలమ్మ, నర్సవ్వ, అలాగే కూలబడింది. ఆమెకు దెబ్బ తగల్లేదు. లక్ష్మీరాజం కుడి మణికట్టు మాత్రం అప్పుడే వాస్తోంది.

"కండ్లు నెత్తికెక్కినయా కొడుకా? గింత మనిషిని కనవడ్తలేనా?"

"ఒట్టు అవ్వా, నువ్వు కనవడలే. నీ జాగల నాలుగు వందల మీటర్లు అని రాసున్నది."

 అద్దాలు తీసుకుని పెట్టుకున్నాను. నిజమే. లేచి నిలబడ్డ నర్సవ్వ నడుము నుంచి పైకి కనబడలేదు. ఎండలో అంకెలు వెలిసిపోతున్నాయని వాటి చుట్టూ దట్టమైన వెలుగు పలక పెట్టించింది నేనే. ఆఫీసు ముందు ఖాళీ రోడ్డు మీద అది ముచ్చటగా ఉండేది. రోడ్డు మీద వడ్లు ఉంటాయని, వాటిలో ఒక మనిషి నడుస్తూ ఉంటుందని మాలో ఒక్కరికీ తోచలేదు.

"ఏడుసుడు తర్వాత గని, ముందుగాల వడ్లు ఎత్తు బిడ్డా," అంది నర్సవ్వ. ఏడుస్తున్నానని అప్పుడే తెలిసింది.

కోరుట్ల ఆసుపత్రిలో లక్ష్మీరాజాన్ని వాళ్ళ తమ్ముడికి అప్పగించాను. ఇవే అద్దాలు పరీక్ష కోసం సిరిసిల్లలో సుజాతకూ, ఇంకో ఐదుగురికీ ఇచ్చి పది రోజులైంది. సుజాతది తంగళ్ళపల్లి, మగ్గాల షెడ్ల నుంచి గుడ్డ తాన్లు స్కూటీ మీద దుకాణాలకు చేరవేస్తుంది. ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. రెండు ఇరవైకి వేములవాడ బస్సు దొరికింది. అన్నం సంగతే గుర్తు లేదు. దారి పొడవునా కిటికీలోంచి వడ్ల కుప్పలు, రాళ్ళు, ఆడవాళ్ళు. ప్రతి మనిషినీ లెక్కపెట్టినట్టు చూశాను. వేములవాడలో బస్సు మారి సిరిసిల్ల చేరేసరికి నాలుగున్నర.

సుజాత షెడ్డు ముందు తాన్లు కట్టుకుంటూ నిక్షేపంగా ఉంది. మగ్గాల చప్పుడులో ఫోన్ వినబడలేదట. అద్దాలేవని అడిగితే స్కూటీ సీటు ఎత్తి చూపించింది. పెట్టెకు అతికించిన టేపు ఒక్కసారే చింపినట్టుంది.

"నిజం చెప్పాల్నా అక్కా? ఒక్కపూట పెట్టుకున్న. కండ్ల ముంగట గీతలు, అంకెలు లేస్తుంటె భయమైంది. తీసి లోపల వెట్టిన."

"మరి రోజూ సాయంత్రం బాగుందని పంపావు కదా!"

"నువ్వు ఫోన్ల గంత ప్రేమగ అడుగుతివి. బాగలేదని మొఖం మీద ఎట్ల చెప్తం?"

మిగతా ఐదుగురి సంగతేమిటని అడిగాను.

"అందరం గంతే అక్కా. బాగుందని నొక్కుతం."

అరుగు మీద కూలబడ్డాను. పది రోజుల పరీక్షలో ఒక్క తప్పూ లేదని ఆఫీసులో మిఠాయిలు పంచుకున్నాం. అదంతా వీళ్ళ మర్యాద. నా మాట నమ్మి నిజంగా పెట్టుకుని రోడ్డెక్కింది లక్ష్మీరాజం ఒక్కడే.

ఐదు ముప్పావుకు హైదరాబాదు బస్సు ఎక్కి, సిద్దిపేట రాకముందే కాగితం తీసి "వాడకూడదు" అని రాసి సంతకం పెట్టాను. ఇన్ని బస్సులు మారి నేను తెలుసుకున్నది అంతే. రోడ్డును నేను బొమ్మగానే చూశాను, దాని మీద మనుషులు బతుకుతున్నారు.

అంతలో లక్ష్మీరాజం ఫోన్.

"చేతి బొక్క ఇరిగిందన్నరు మేడం, పట్టీ ఏసిండ్రు. మీరు రంది వెట్టుకోకుండ్రి. అద్దాలు మంచిగ జేసి తీస్కరాండ్రి, మొదలు నేనే పెట్టుకుంట. మీరు చూసుకున్నరంటె నాకేం భయం?"

 అవతల అతను "మేడం, మేడం" అంటున్నాడు. సరే అనకుండా, సంతకం పెట్టిన కాగితం మళ్ళీ తీసి "వాడకూడదు" కింద ఇంకో గీత గీశాను.