పేరు రాసిన లాంతరు

దయ్యాలనీ భూతాలనీ నేను ఎప్పుడూ నమ్మలేదు. ఆస్పత్రి ల్యాబ్‌లో రక్తం పరీక్షలు చేసే ఉద్యోగం నాది. ఏదైనా మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తేగానీ ఒప్పుకోని మనిషిని. ఇది మాత్రం ఎక్కడ పెట్టి చూడాలో నాకు తెలియలేదు.

ఎనభైల మొదట్లో మా ఆయన ఉద్యోగం పోయింది. ఫ్రీమాంట్‌లో అద్దె ఇల్లు ఖాళీ చేసి, సామానంతా కార్‌లో కుక్కి, రెండు రోజుల దూరంలో ఉన్న బాతెల్ అనే ఊళ్ళో ఇంటర్వ్యూ ఉందంటే బయలుదేరాం. ఆయనకి అప్పటికే బీపీ. దారిలో రెండుసార్లు ఛాతీ పట్టుకుని కారు పక్కకి ఆపారు. డాక్టర్‌కి చూపిద్దామంటే ఇన్సూరెన్స్ లేదన్నారు. ఆ రాత్రి కార్‌లోనే ఆయన పడుకుంటే, కునుకు తీయడానికి కూడా భయమేసి, ఆయన ఊపిరి వింటూ కూర్చున్నాను. ఆ ప్రయాణం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు నొప్పులు పుడతాయి.

మర్నాడు సాయంత్రం ఒక చిన్న ఊళ్ళో ఆగాం. ఆయన కాఫీ కోసం వెళ్ళారు. నేను కాళ్ళు సాగుతాయని అక్కడి చెరువు ఒడ్డుకి నడిచాను. జపాన్ వాళ్ళ బౌద్ధ గుడి తరఫున జనం కాగితం లాంతర్లు వెలిగించి నీళ్ళలో వదులుతున్నారు.

నాకు కార్తీకమాసం గుర్తొచ్చింది. తెనాలిలో అమ్మ వెనకాలే వెళ్ళి, అరటి దొప్పలో దీపం పెట్టి కాలవలో వదిలేదాన్ని. పెళ్ళయ్యాక ఆ దీపం ఎవరి క్షేమం కోసమో చెప్పక్కర్లేదు.

లాంతర్లు పంచే బల్ల దగ్గరున్న ముసలావిడ ఒకటి చేతికిచ్చి దాని మీద ఎవరి పేరు రాయాలని అడిగింది. మొగుడి పేరు నోటితో పలికే అలవాటు మా ఇంటావంటా లేదు. "మా ఆయన కోసం" అని చెప్పి, కుంచె తీసుకుని తెలుగులో నేనే రాశాను. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు తియ్యలేదు. ఈ దేశంలో ఇంత ఆప్యాయత ఎక్కడిదా అనుకున్నాను.

లాంతరు వదిలాను. గాలికి మిగతా వాటితో కలిసి అవతలి ఒడ్డు వైపు సాగిపోయింది. ఆయన కాఫీలు పట్టుకుని వచ్చారు. ఈయనే మా ఆయన అని ఆవిడకి పరిచయం చేశాను.

ఆవిడ మొహం పాలిపోయింది. "అమ్మాయీ, ఇవి పోయినవాళ్ళ కోసం" అంది.

ఆయన మాత్రం, "పేపరూ క్యాండిలూ, అంతే కదా. పద, ఇంకా చాలా దూరం డ్రైవ్ చెయ్యాలి" అన్నారు. నేను కదల్లేదు. ఇప్పుడేం చెయ్యాలని ఆవిడనే అడిగాను.

"ఇలా ఎవరూ చెయ్యలేదు. నాకూ తెలీదు" అని, "పేరు పెట్టి పిలిచి చూడు" అంది.

అన్నేళ్ళ కాపురంలో మొదటిసారి ఆయన్ని పేరు పెట్టి పిలిచాను. "సూర్యం." మళ్ళీ గట్టిగా పిలిచాను.

"ఇక్కడే ఉన్నానుగా" అన్నారు ఆయన, వెనక నుంచి, విసుగ్గా.

దూరంగా ఒక లాంతరు ఆగింది. తిరిగింది. మిగతావన్నీ అటు పోతుంటే వాటి మధ్య నుంచి ఇటు వచ్చి, నా కాళ్ళ దగ్గరి రాయికి తగిలి నిలబడింది. దాని మీద ఉన్నది నా చేతిరాతే. ఇంజనీరు కదా, ఆయన కాఫీ కప్పు అంచు తుంచి నీళ్ళలో వేసి చూశారు. అది అవతలికే పోయింది. ఆ తరవాత ఆ ఊసు మళ్ళీ ఎత్తలేదు.

బాతెల్‌లో ఉద్యోగం వచ్చింది. ఇంకొన్నేళ్ళు బతికారు. ఆ కొన్నేళ్ళూ నాకు చాలలేదు.

ఆయన పోయిన ఏడాదే ఆ ఊరు ఒక్కదాన్నే వెళ్ళాను. ఆ ముసలావిడ కనపడలేదు. అదే పేరు, అలాగే తెలుగులో రాసి వదిలాను. ఈసారి తప్పేం లేదు. అందరి లాంతర్లతో పాటు అదీ వెళ్ళింది. వెళ్ళడానికి కారణం గాలి, అంతవరకు నాకు తెలుసు. ఆ రోజు వెనక్కి ఎందుకొచ్చిందో మాత్రం ఇవాళ్టికీ తెలియదు.

తెలియదు గనకనే, ఆఖరి లాంతరు ఆరిపోయేదాకా ఒడ్డున నిలబడి పిలుస్తూనే ఉన్నాను.