మా అత్తగారి ఫోను ఉపవాసం

యావన్మంది బంధుమిత్రులకు తెలియజేయునది ఏమనగా, నేటి సాయంత్రం నుండి మా ఇంట్లో ఏ ఫోనుకూ ఉపవాసం లేదు.

మా అత్తగారు ప్రతి శుక్రవారం ఉయ్యూరు నుంచి పటమటలోని మా ఇంటికొచ్చి, ఇక్కడి చర్చిలో ఉపవాస ప్రార్థనకు వెళ్తారు. ఈ రోజు తొమ్మిదికి బస్సెక్కిన మనిషి పదకొండున్నరైనా రాలేదు. ఫోను చేస్తే స్విచాఫ్. ఆవిడకు షుగరు, పైగా ఖాళీ కడుపు. మా ఆవిడ ఏడుపు మొదలుపెట్టింది. నేను స్కూటరేసుకుని బస్టాపులన్నీ వెతికి, చివరికి చర్చికి వెళ్తే, ముందు వరసలో ఫ్యాను కింద హాయిగా కూర్చుని ఉన్నారు. బస్సు ఆలస్యమైందని నేరుగా అక్కడికే వెళ్లారట. నాకు ప్రాణం లేచొచ్చింది.

“ఫోనెందుకు ఆపేశారండీ?” అన్నాను.

“నేనాపలేదు బాబూ. శుక్రవారం నేను తిననప్పుడు దానికి మాత్రం ఛార్జింగెందుకు? వారానికోసారి సున్నాకి దిగితేనే బ్యాటరీకి ఆయుష్షని సెల్ రిపేరాయన చెప్పాడని మీరేగా అన్నారు!”

“ఆయన మాట మార్చాడండీ. అలా సున్నాకి దించితే బ్యాటరీ పాడవుతుందట. ఇరవై ఉండగానే ఛార్జింగ్ పెట్టమన్నాడు.”

“నిలకడలేని మనిషిలా ఉన్నాడే! పేరు చెప్పండి, అతగాడి కోసం ప్రార్థన చేయిస్తాను.”

వచ్చే శుక్రవారం చెప్తానని తప్పించుకున్నాను. ఎందుకంటే ఆ రిపేరాయన లేడు, ఆ షాపూ లేదు. పోయిన నెల ఆవిడను ఆటపట్టించడానికి నేనే పుట్టించాను. వచ్చే శుక్రవారంలోగా వాడికో మంచి పేరు కామెంట్లలో పెట్టండి. ఏ పేరు పెట్టినా ప్రార్థన చేరాల్సింది నాకే.