పెంటవ్వ గొంగడి

డప్పులతో అమ్మవారికి చేసే ఊరపండుగ దగ్గరికొస్తుందంటే ఊళ్లో అందరికీ సంబరం. మా పక్కింటి ఈరవ్వకు మాత్రం అన్నం సయించేది కాదు. మాకూ వాళ్లకూ మధ్య ఒకటే గోడ. ఆషాఢం మొదలైందంటే ఆ గోడ అవతల ఆమె గొంతే వినిపించేది కాదు. ఆమె భయమంతా ఒక్కగానొక్క కూతురు పెంటవ్వ గురించే.

ముందు పుట్టినవాళ్లు దక్కలేదని, ఈ పిల్లను పుట్టగానే పెంట మీద పడుకోబెట్టి, ఎత్తుకుని ఆ పేరు పెట్టారు. పిల్ల దక్కింది. కానీ చెరుకు బళ్ల ఎద్దుల గజ్జెలు విన్నా చెవులు మూసుకునేది. పెళ్లి బ్యాండు వినిపిస్తే గోడకు తల కొట్టుకునేది. మనిషి కళ్లలోకి చూసేది కాదు, కుదురుగా కూర్చునేది కాదు. ఇలాంటి పిల్లలకు పట్నం డాక్టర్లు ఇప్పుడేదో పేరు చెప్తున్నారట. ఎనభైల్లో, బోధన్ పక్కన మా ఊళ్లో, మాకు తెలిసిన పేర్లు రెండే: పిచ్చి, పూనకం. పిచ్చి అన్నన్నాళ్లు ఎవరూ ఆ పిల్ల జోలికి రాలేదు. అదే నయం.

మందు ఈరవ్వే కనిపెట్టింది. చిన్నప్పుడొకసారి పిల్ల బీడీ ఆకు మూటల కిందికి దూరి, ఆ బరువు కింద హాయిగా నిద్రపోయింది. అది చూశాక, చనిపోయిన మొగుడి గొంగడి తీసి పిల్లకు బిగించి చుట్టేది. తనూ నేల మీద కూర్చుని, కూతురి వీపుకు వీపు ఆనించి మెల్లగా ఊగేది. కాసేపటికి పిల్ల ఊపిరి నెమ్మదించేది. పెద్దయ్యాక ఒళ్లో బీడీల చాట పెట్టి, తంబాకు కింద ఒక తూకం రాయి ఉంచింది. ఒడిలో ఆ బరువు ఉండాలి, చేతులు ఆడుతుండాలి. ఇక పెంటవ్వ పొద్దంతా బీడీలు చుట్టేది, అప్పుడప్పుడు నవ్వేది కూడా. ఆ నవ్వు నేను విన్నాను.

పెంటవ్వకు పదహారేళ్లున్నప్పుడు వానలు మొహం చాటేశాయి. ఊరపండుగ నాడు ఈరవ్వ బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయింది. డప్పులు మా వీధిలోకి తిరిగాయి. పిల్ల తట్టుకోలేక బయటికి పరుగెత్తింది, చేయి కొరుక్కుంది, గిలగిల కొట్టుకుంటూ అరిచింది.

"ఆపుండ్రి! ఆపుండ్రి!"

డప్పులు ఆగిపోయాయి. జనమంతా చేతులు జోడించారు. ఈరవ్వ బావ పోశన్న కులపెద్ద, పండుగ పెత్తనం ఆయనదే. ఆయన పిల్ల కాళ్ల మీద పడి, "ఏం గావాలె తల్లీ?" అని అడిగాడు. ఆ వారంలోనే వాన కురిసింది. అంతే, పిచ్చిది కాస్తా దేవతై కూర్చుంది.

మరుసటి ఏడు డప్పులు నేరుగా ఇంటికే వచ్చాయి. ఆ మరుసటి ఏడు పక్క ఊళ్ల నుంచి కూడా తెప్పించారు. అరిచేదాకా కొట్టేవాళ్లు, అరిచాక ఆపేవాళ్లు. ఈరవ్వ గొంగడి కప్పబోతే పోశన్న లాగేశాడు.

"గొంగడి గప్పితె అమ్మ ఎట్ల వస్తదే?"

"అమ్మ లేదంటలేను బావా. అమ్మ ఉన్నది. గని గిది అమ్మ గాదు, నా బిడ్డ నొప్పి."

ఆయన చెవిన వేసుకోలేదు. నాకు ఒళ్లు మండిపోయింది గానీ, అంత జనంలో నా మాట వినేదెవరు?

మొదటి ఏడు పిల్ల వారంలో తేరుకుంది. రెండో ఏడు నెల పట్టింది. మూడో ఏడు చలికాలమొచ్చి చెరుకు నరుకుళ్లు మొదలైనా ఆమె చేతిలో బీడీ ఆకు నిలవలేదు. రాత్రులు నిద్ర లేదు, గొంగడి చుట్టినా వణుకు తగ్గలేదు. "ఇంకొక్క పండుగైతే నా బిడ్డ మల్ల నాకు దొరకది" అంది ఈరవ్వ. పుట్టిల్లు సిరికొండకు తీసుకుపోదామని మూట కట్టుకుంటే, పోశన్న గుమ్మంలో మంచం వేసుకుని కూర్చున్నాడు.

నాలుగో ఏడు పండుగ రోజు డప్పులు వీధి మొదట్లో ఉండగానే ఈరవ్వ కూతురికి గొంగడి చుట్టి, లోపలి గదిలో పెట్టి గొళ్లెం వేసింది. కొప్పు విప్పి, మొహానికి పసుపు రాసుకుని, తలుపు తెరిచి వీధిలో దూకింది.

"బిడ్డను ఇడిసి నేను దిగినరా! ఇగ తల్లి మీదికే వస్త! పిల్ల జోలికి పోతె ఊరు దక్కది!"

జనం దండం పెట్టారు. పోశన్న కూడా పెట్టాడు. డప్పులు ఆమె చుట్టూ చేరాయి.

ఎవరు నమ్మినా నమ్మకపోయినా, ఆమెకు మాత్రం అది అబద్ధమని తెలుసు. దొంగ పూనకం ఊగితే కళ్లు పోతాయని నమ్మే మనిషి. ఆ సాయంత్రం నా చేయి పట్టుకుంది.

"శ్యామలా, అమ్మ పేరు మీద దొంగ ఏషమేసిన. నన్నేం జేస్తదో."

"ఏం జెయ్యదక్కా. ఆమె గూడ తల్లేనాయె."

ఆమెకు భయం పోలేదు. అయినా తొంభైలు గడిచినా ఏటేటా ఊగుతూనే వచ్చింది. పెంటవ్వ చేతులు మళ్లీ కుదిరాయి. ఈరవ్వకు మాత్రం తల నెరిసింది, మోకాళ్లు అరిగాయి. ఊగిన ప్రతిసారీ ఒంట్లోని వణుకు కొంచెం మిగిలిపోయేది. అది నాకు కనిపించేది. చెప్తే నవ్వి ఊరుకునేది.

కిందటేడు ఊగుతూ ఊగుతూ వీధిలో కూలబడింది. డప్పులు ఆగాయి గానీ ఆమె వణుకు ఆగలేదు. పళ్లు టకటకమంటున్నాయి, కళ్లు ఎటో చూస్తున్నాయి. జనం దండాలు పెడుతూ నిలబడ్డారు. నేను జనాన్ని తోసుకుని ముందుకు వెళ్లేలోపే లోపలి గదికి ఈరవ్వ ఏటా వేసే గొళ్లెం ఊడిపడిన చప్పుడు వినిపించింది.

పెంటవ్వ బయటికొచ్చింది. ఎవరివైపూ చూడలేదు. తన ఒంటి మీది గొంగడి తీసి తల్లికి బిగించి చుట్టింది. వెనక కూర్చుని, వీపుకు వీపు ఆనించి, రెండు చేతులూ వెనక్కి చాపి గొంగడి అంచులు గట్టిగా పట్టుకుని మెల్లగా ఊగసాగింది. ఈరవ్వ పళ్ల చప్పుడు తగ్గింది.

పోశన్న ముసలివాడయ్యాడు గానీ గొంతు తగ్గలేదు.

"ఊగుతున్నది సూడుండ్రి! అమ్మ మల్ల బిడ్డ మీదికే వచ్చింది! కొట్టుండ్రిరా!"

వద్దని నేను అరిచిన అరుపు ఆ డప్పుల్లో కలిసిపోయింది. పెంటవ్వ ఒళ్లంతా బిగుసుకుంది, కళ్ల నుంచి నీళ్లు కారాయి. చెవులు మాత్రం మూసుకోలేదు. మూసుకోవాలంటే గొంగడి వదిలెయ్యాలి.