నమ్దాలో చిల్లు

నా తెలివితక్కువతనం ముందే ఒప్పుకుంటాను. ఎలాగూ దారిలో బయటపడేదే. "గుర్రాలు తెలుసా?" అని సుబేదారు హిందీలో అడిగితే "పుట్టినప్పటి నుంచీ హుజూర్" అన్నాను. మా ఇంట్లో ఉన్నది జట్కా గుర్రం. దాని వెనక కూర్చోవడం తెలుసు. పైన కూర్చోవడం తెలియదు.

అప్పుడు నేను బస్తర్ సంస్థానం గుర్రపు దళంలో వానల వరకే కుదిరిన సిపాయిని. ఫాల్గుణం చివర, పొద్దున పది గంటలకు దోర్నపాల్ దగ్గరి ఠాణాకు చేరాను. పక్కనే శబరి నది, నీళ్ళు మోకాలి లోతు. రెండు పాకలు, ఒక గుర్రపుసాల, పదకొండు మంది. నాకిచ్చిన సామాను ఒక తుపాకి, రెండు కంబళ్ళు, ఒక జీను, జీను కింద పరిచే ఉన్ని నమ్దా. నమ్దా మీద సంస్థానం ముద్ర. అది చిరిగితే మన వీపు చిరుగుతుంది.

సాలలో చివరన ఎర్ర గుర్రం. చింతలనార్ వైపు గస్తీ పోయినవాళ్ళకు దొరికింది. కలప నరికించే గుత్తేదారు మనుషులు జ్వరాలకు భయపడి పారిపోతూ దాన్ని చెట్టుకు కట్టి వదిలేశారు. మెడ అందినంత మేర ఆ చెట్టుకు బెరడు లేదట. తీసుకొచ్చి బతికించారు. కానీ ఎక్కినవాణ్ణల్లా ఎగిరి పడేస్తోంది.

"నలభై రోజులు" అన్నాడు సుబేదారు, దాని తాడు నా చేతికిస్తూ. "తనిఖీ నాటికి వరసలో నిలబడాలి. లేకపోతే గోలీ."

గోలీ దానికా నాకా అని నేను అడగలేదు.

మొదటి పన్నెండు రోజులూ కొరడా పట్టుకున్నాను. పదిహేను సార్లు పడ్డాను. ప్రతిసారీ ఒకే వరస. చెవులు ఎటో తిరుగుతాయి. తల మోకాళ్ళ మధ్యకు పోతుంది. నడుము విల్లవుతుంది. నేను బాణాన్నవుతాను.

మా వంటవాడు భద్రాచలం వైపు మనిషి. గరిటె పట్టుకునే వచ్చి చూసేవాడు.

"ఏంది తమ్మీ, అది నేర్సుకుంటున్నదా, నువ్వు నేర్సుకుంటున్నవా?"

"ఇద్దరం అన్నా. అది పడెయ్యడం, నేను పడడం."

పదమూడో రోజు గడ్డిమోపు తెచ్చే దోర్ల తెగ అవ్వ సాల ముందు నిలబడి చూసింది. గుర్రాన్ని కాదు, ఈగల్ని.

"ఒక్క కాడనే వాల్తున్నయ్ సూడు బిడ్డా. నీ బుజం మీద పుండుంటే కావడి మోస్తవా?"

"కోపం అనుకున్న అవ్వా."

"కోపం నీది. నొప్పి దానిది."

వెంట్రుకలు పాయదీసి చూశాను. మెడ దిగేచోట, జీను ముందు అంచు ఆనేచోట, అరచేయంత పాత పుండు. పైన పక్కు, లోపల చీము. నాకు కళ్ళెం వేయడం వచ్చుగాని కళ్ళు వేయడం రాలేదు.

మూడు వారాలు జీను ముట్టలేదు. రెండుపూటలా వేపనూనె, పసుపు. తాడు పట్టుకుని నేలమీద నుంచే నేర్పాను. ఇప్పపూలు రాలే కాలం. ఎర్రదాని ధ్యాసంతా ఆ చెట్ల కిందే. అది అటు చూస్తే నేను లాగలేదు, నేనే దిక్కు మార్చాను. నాలుగడుగులు, ఆగడం, మళ్ళీ మలుపు. ఎటు పోతానో తెలియాలంటే నన్ను గమనించక తప్పదు. ఒక చెవి నావైపు తిరిగిన క్షణం ఆగి, ఒక ఎండు ఇప్పపువ్వు పెట్టేవాణ్ణి. పావుగంట, అంతే. ఆఖరికి చెయ్యెత్తితే చాలు, చెవి నావైపు తిప్పి కాలు కదపకుండా నిలబడేది.

తర్వాత ఒక పని చేశాను. పుండు తగిలేచోట నమ్దాకు కత్తితో చిల్లు కోశాను. వంటవాడు చూసి తల పట్టుకున్నాడు.

"దాని వీపుకు నమ్దా కోసినవ్. నీ వీపుకు ఎవడు కోస్తడు తమ్మీ?"

జీను వేస్తే చిల్లు కనపడదు. సుబేదారుకు చెప్పలేదు. పుండు సంగతీ చెప్పలేదు. పుండు చెబితే చిల్లు చెప్పాలి.

ముప్పై నాలుగో రోజు ఎక్కాను. తల కిందికి పోబోయింది. ఒక పక్క పగ్గం పట్టి మెడ తిప్పాను. వెనకకాళ్ళు పక్కకు జరిగాయి, ఎగరడానికి ఊతం దొరకలేదు. ముందుకు నడిపించాను. చెవి నావైపు వచ్చింది. ముప్పై ఎనిమిదో రోజు శబరి దాటి తిరిగొచ్చాం. పడలేదు. ఆ రోజు వంటవాడు మమ్మల్నే చూస్తూ పప్పులో ఉప్పు మరిచాడు. అందరూ అలాగే తినేశారు.

నలభయ్యో రోజు తనిఖీ. నమ్దాలు కూడా చూస్తారు. నాది గడ్డిలో దాచి, జ్వరంతో పడుకున్న సిపాయిది తెచ్చి వేశాను. పుండు పైకే మానింది, లోపల ఇంకా పచ్చిగానే ఉంది. నాలుగడుగులు నడిపించి జీను దించేద్దామనుకున్నాను.

సుబేదారుకు ముచ్చటేసింది. "దిగు. నేనెక్కుతా."

చెప్పవలసిన సమయం అదే. నోరు తెరిచాను. నమ్దా గుర్తొచ్చింది. మూసుకున్నాను.

మూడో అంగలో సుబేదారు నేలమీద ఉన్నాడు. కుడిచేయి విరిగింది.

"పాగల్ ఘోడా. గోలీ మారో."

అప్పుడు చెప్పాను. పుండు, చిల్లు, అన్నీ.

"ఇప్పుడా చెప్పేది? నువ్వే కాల్చు. అభీ."

పదకొండు గంటలు. శబరి ఇసుకలో అడుగు కాలుతోంది. ఎర్రది పక్కకు జరుగుతోంది. గురి తప్పితే దానికి నరకం. అందుకని చెయ్యెత్తాను. నేర్పినట్టే ఆగింది. ఒక చెవి నావైపు తిప్పి, పువ్వు కోసం చూసింది. జేబులో ఒకటి ఉంది. పెట్టాను. ఒక్క గుండు చాలింది.

నమ్దా కోసినందుకు పన్నెండు దెబ్బలు ఎలాగూ పడ్డాయి. వానలకు ముందే గడువు తీరి ఇంటికొచ్చాను. అక్కడ ఎలా ఉండేదని అడిగితే, ఎండ ఎక్కువ అంటాను. ఏ పశువు చెవి నావైపు తిరిగినా తల తిప్పుకుంటాను. ఆ ఒక్క చెవి ఇప్పటికీ నామీదే ఉంది.

అక్కడ ఉండగానే పగ కూడా తీర్చుకున్నాను. చిన్నదే. సుబేదారు చేయి కట్టులో ఉంది కాబట్టి ఠాణా పుస్తకంలో నన్నే రాయమన్నాడు. "పిచ్చి పట్టిందని రాయి." హిందీలో రాశాను. కింద ఖాళీ మిగిలితే తెలుగులో ఇంకొంచెం రాశాను.

"ఇదేమిటి?"

"అదే హుజూర్, మా లిపిలో."

ఎడమచేత్తో సంతకం గీశాడు. ఆ పుస్తకం ఎవరూ తెరిచి ఉండరు, చెదలు తప్ప. అవైనా చదివి ఉంటాయి:

"గుర్రానికి పిచ్చి లేదు. పుండు ఉంది. రాసినవాడు భయపడి చెప్పలేదు. కింద సంతకం చేసినవాడు అడగలేదు."